వడ్డేపల్లి వేవ్స్

మా బ్యాండుకు ఆ పేరు పెట్టింది శౌరి.
వడ్డేపల్లి చెరువుల అలలుండయి,
గాలొస్తే గుర్రపుడెక్క జానెడు జరుగుతది, అంతే.
అయినా "వేవ్స్" అనే రాసిండు
డ్రమ్ము తోలు మీద, రైల్వే పసుప్పచ్చ పెయింటుతోని.
మిగిలింది వాళ్ల నాయిన సైకిలుకు కొట్టిండు.

సముద్రం బాణీలు. సముద్రం చూడనోళ్లం నలుగురం.
కాజీపేట డీజిల్ కాలనీ, శౌరి వాళ్ల క్వార్టరు వెనక
బొగ్గురూముల శనివారాలు.
బదిలీ అయి పోయిన గార్డు ఎవరో వదిలేసిన క్యాసెట్టు:
అట్ట లేదు, పేరు లేదు,
రెండు దిక్కులా గిటార్లే, గొంతు లేదు.
తీగెలు తడిసినట్టు ఒక మోత.
ఆ తడి యాడికెల్లి వస్తదో తెల్వక
మొయిజు గిటారు మీద నిజంగనే నీళ్లు చల్లిండు ఒకపారి.

తర్వాత తెలిసింది, అది స్ప్రింగు పని అని.
సారంగం ఎనుమాముల మార్కెట్ల హమాలి కొడుకు,
శాంపిళ్లు తూచే పాత కాటా విప్పి పట్టుకొచ్చిండు.
రేకుడబ్బాల బిగించి, వైర్లు గుంజి, మీటితే
బాయిల చెంబు పడ్డట్టు,
పడ్డ చెంబును లోపల్నుంచి ఎవరో తిరిగి విసిరినట్టు.
ఒకని మొఖం ఒకడు చూసుకున్నం.
ఎంటనే తుమ్ములు.
ఎన్నేండ్ల మిరపదుమ్మో ఆ చుట్టలల్ల!
మా సముద్రానికి ఉప్పు లేకుండె,
ఘాటుండె.

పదకొండేండ్లు.
ఆర్ఈసీల ఒకపారి, కరెంటు పోయేదాక.
ఫాతిమా మాత పండుగకు, ఫాదరు చెవులల్ల దూది పెట్టుకొని నవ్వుకుంట కూసుంటే.
పరకాలల ఎవరిదో బారాత్.
"పాడేటోడేడి?" అన్నడు పిల్లగాని మేనమామ.
లేడన్నం.
"లేడంటే? ఇంకా రాలేదా?"
తీన్మార్ కొట్టుమన్నడు. కొట్టినం,
నడుమ నడుమ మా అలను దొంగతనంగ కలుపుకుంట.
ఒక ముసలామె ఒక్కతే పసిగట్టింది,
ఆగి, అడుగు మార్చి, తన లెక్కల తాను ఆడింది.
ఆ రాత్రి పైసలు ఎన్నొచ్చినయో యాదికి లేదు.
ఆమె కాళ్ల కడియాలు యాదికున్నయి.

నేను రిథమ్, అంటే వెనక నిలవడేటోన్ని.
అందుకే నాకు తెలుసు:
శౌరి నాలుగో దెబ్బ ఎప్పుడూ ఒక వెంట్రుకంత లేటు.
తిట్టినం. బతిలాడినం. గోడగడియారం తెచ్చి ముంగట పెట్టినం.
"మన జంక్షన్ల ఏ రైలన్న టైముకొస్తదిరా?" అనేటోడు.

ఆరో ఏడో, ఏడో ఏడో, చీరాల పోయినం,
జనరల్ డబ్బాల, గిటార్లు చంటిపిల్లల లెక్క ఒళ్లె పెట్టుకొని.
వాడరేవుల మొదటిసారి సముద్రం.
చానాసేపు ఎవ్వడూ మాట్లాడలే.
మొయిజు చెవి ఒగ్గి ఒగ్గి విని
"దీనికి తాళం కుదర్తలేదు భాయ్" అన్నడు.
నిజమే. ఒకటొస్తది, ఇంకోటి సగంల ఇరుగుతది,
మూడోది అడ్డంబడి రెండింటినీ మింగుతది.
తప్పు మాదో దానిదో తేలక
చేపల ఏపుడు తిని అదే రాత్రి రైలెక్కినం.
శౌరి మాత్రం బెజవాడ దాక నవ్విండు:
"సూసిండ్రా? అది గూడ లేటే."

బ్యాండు ఆగిన రోజంటూ ఏం లేదు.
శనివారాలే ఒక్కోటి రాలిపోయినయి.
సారంగానికి కమీషన్ దుకాణం. మొయిజుకు
వెల్డింగుల చూపుడువేలు కొస పోయింది,
ఇప్పటికీ చాయ్ హోటల్ల బల్ల మీద మిగిలిన వేళ్లతోని మీటుతడు,
ఎవ్వరూ చూస్తలేరనుకుంటే.
శౌరిని మొన్న తపస్సుకాలంల
ఫాతిమానగర్ సమాధుల తోటల పెట్టినం.
ఈ నలభై రోజులు వాయిద్యాలు వద్దన్నరు.
చేతులు జేబులల్ల పెట్టుకొని నిలవడ్డం.

నాది షెడ్డుల నైట్ డ్యూటీ.
రెండున్నరకు యార్డుల ఖాళీ డబ్బాలను నూకుతరు.
ఆ చివరినుంచి ఈ చివరిదాక కప్లింగులు
ధన్, ధన్, ధన్...
చేతిల చాయ్ చల్లారిపోతది.
అయినా గ్లాసు కింద పెట్ట,
ఆ నాలుగోది పడేదాక.